మైకులో మానేసిన మాట

నా ఎడమ మోచేయి పూర్తిగా చాపడానికి రాదు. కొడవలిలా వంగి ఉంటుంది. ఎందుకలా అయిందని అడిగినవాళ్ళకు మనిషికో కారణం చెప్పాను. కుందుర్పి వైపు వాళ్ళకు కోడె పొడిచిందన్నాను. ధర్మవరం బస్సులో పక్కన కూర్చున్న ఒక పంతులుకు, ఎవరి మెడ మీదికో వస్తున్న వేటకొడవలికి చెయ్యి అడ్డం పెట్టానని చెప్పాను. ఆయన కళ్ళు తుడుచుకుని నా టిక్కెట్టు కూడా తనే తీసుకున్నాడు. బత్తలపల్లె దాటేదాకా నేను హాయిగా నిద్రపోయాను.

ఇప్పుడు నిజం రాస్తాను. మధ్యలో ఎక్కడైనా జరిగినదాన్ని పెంచితే అక్కడే ఒప్పుకుంటాను. పెంచడం నా వృత్తి. బండలాగుడు పోటీల్లో మైకు పట్టుకుని మాట్లాడేవాణ్ణి నేను.

ఆ పోటీ చూడనివాళ్ళకు రెండు ముక్కలు. దున్ని వదిలేసిన చేన్లో సున్నంతో గీతలు గీస్తారు. ఇనుప గొలుసుతో కాడికి పెద్ద రాతిబండ కడతారు. ఎద్దుల జత దాన్ని ఈడ్చుకుంటూ ఆ కొసకు పోయి, తిరిగి ఈ కొసకు రావాలి. ఇచ్చిన సమయంలో ఎక్కువ దూరం లాగిన జత గెలిచినట్టు. చెప్పడానికి ఇంతే. చూస్తే మాత్రం వేరు. ఎద్దు మోకాళ్ళ మీద పడుతుంది. నోట్లోంచి నురగ తాళ్ళలా వేలాడుతుంది. చెర్నాకోల పడిన చోటల్లా వీపు మీద ఎర్ర చార లేస్తుంది. జనం గొంతులు చిరిగేలా అరుస్తారు. తోలేవాడి కళ్ళలో ఆ కాసేపు మనిషి ఉండడు. ఆ రక్తానికీ నురగకూ పైన, ట్రాక్టరు ట్రాలీ మీద నిలబడి, నేను నవ్వులు చల్లుతుంటాను.

నవ్వులు ఎక్కణ్ణుంచి తెస్తాను? మనుషుల ఒంటి మీంచే. జత బరిలోకి వచ్చేటప్పుడు తోలేవాణ్ణి పేరుతో పిలవడం మా పోటీల్లో లేదు. ఒకడి కన్ను మెల్ల, ఒకడికి నత్తి, ఒకడికి మెడ మీద కంతి. ఏది కనిపిస్తే దాన్నే పేరుగా చేసి మైకులో అరవాలి. ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. మా వైపు ఆ మాటలు తిట్ల లెక్కలోకే రావు. బస్సు ఆపని డ్రైవరు గుడ్డోడు, పిలిస్తే పలకని పెళ్ళాం చెవిటిది, పంపులో సన్నగా వచ్చే నీళ్ళకు కూడా కుంటినడకే.

ఆ వరసలో ఒకతన్ని నేను చాలా ఏళ్ళు కుంటోడు అని పిలిచాను. అతను నాకంటే చాలా చిన్నవాడు. తెలుగే మాట్లాడే ముసల్మాను కుటుంబం. పరుపులు కుట్టుకుంటూ, పోటీలు వచ్చినప్పుడు మా ఊరి పెద్ద ఆసామి ఎద్దుల్ని తోలేవాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు చెర్నాకోల కర్రంత సన్నగా ఉండిపోయింది. మిగతావాళ్ళు ఎద్దుల పక్కన పరుగెత్తితే, ఇతను కాడి కొస పట్టుకుని, మంచి కాలితో దూకుతూ, సన్నకాలిని దుమ్ములో ఈడ్చుకుంటూ పోయేవాడు. దయామయుడేం కాదు. ఎద్దుల్ని అందరికంటే గట్టిగానే కొట్టేవాడు. పడితే ఎద్దులు తొక్కుతాయని తెలిసినవాడి కొట్టుడు అది.

అతని జత వచ్చినప్పుడు నేను అందుకునేవాణ్ణి. "వచ్చినాడప్పా కుంటోడు! బండ కూడా కుంటుకుంటా పోతాది సూడండి!" అంతే, చేను చేనంతా ఊగిపోయేది.

ఆ ఏడు పోటీకి ముందురోజు సాయంత్రం నేను ట్రాలీ మీద మైకు వైర్లు సరిచూసుకుంటున్నాను. అతను వచ్చి ట్రాలీ చక్రానికి ఆనుకుని నిలబడ్డాడు.

"అన్నా, ఒక మాట."

"చెప్పబ్బీ."

"రేపు మైకులో ఆ మాట వద్దన్నా."

ఏ మాటో నాకు తెలుసు. అయినా అడిగాను. "ఏ మాట?"

"నన్ను పిల్చేది."

"ఏమప్పా, ఇన్నేండ్లు లేని కోపం ఇప్పుడొచ్చినాదా?"

"కోపం ఎప్పుడూ ఉండాది. నువ్వు అడగలా, అంతే." అతను గొంతు తగ్గించాడు. "రేపు మా పాప వస్తానంటాంది. నాకు ఆమెతోనే భయం."

వాళ్ళ పాప సంగతి నాకు తెలుసు. ఇరవై దాటిన పిల్ల. చున్నీని నడుముకు బిగించి కట్టి తెల్లారకముందే ధర్మవరం రోడ్డు మీద పరుగెత్తేది. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగులోనూ నెగ్గింది, రాతపరీక్షలోనూ నెగ్గింది. ఇక మిగిలింది ఒక్కటే. ఆమె మీద ఏ కేసూ లేదని స్టేషన్ వాళ్ళు రాసి పంపాలి. మంచి పిల్ల. కానీ ఎవరైనా వాళ్ళ నాయనను ఆ మాట అంటే చెయ్యి ఆగదు. కోళ్ళ అంగట్లో ఒకడు అన్నందుకు వాడి తలను ఈకల డ్రమ్ములో ముంచి, ఊపిరాడక కాళ్ళు కొట్టుకునేదాకా పట్టుకుంది. బస్టాండులో ఇంకొకడి ముందుపళ్ళు టిఫిన్ క్యారియరుతో రాలగొట్టింది. ఆడపిల్ల చేతిలో తన్నులు తిన్నానని స్టేషనుకు పోయి చెప్పుకోవడానికి సిగ్గుపడి వాళ్ళిద్దరూ నోరు మూసుకున్నారు.

"ఊరి పంచాయితీ వేరు, బరి వేరన్నా," అన్నాడు అతను. "ఆడ మన ఆసామికి పడనోళ్ళు ఉంటారు. అది చెయ్యెత్తిందంటే సాలు, కేసు పెట్టిస్తారు. కేసు అయితే ఉద్యోగం పాయె. దాని బతుకు నీ నోట్లో ఉండాది."

"మరి నిన్నేమని పిల్చాల?"

అతను నా మొహంలోకి చూశాడు. "నాకొక పేరుండాది గదన్నా."

సరేనన్నాను. జాలితో ఒప్పుకున్నానని రాస్తే బాగుంటుంది. చాలామందికి అలాగే చెప్పాను కూడా. నిజానికి నా మనసులో మెదిలింది ఆ టిఫిన్ క్యారియరు. ముందుపళ్ళు నాకు అప్పటికే తక్కువ.

పొద్దున ఆసామి బరి దగ్గరికి వచ్చాడు. దారి పొడుగునా కట్టించిన ఫ్లెక్సీల్లో తన మొహం కింద 'కుంటోని జత' అని పెద్ద అక్షరాలతో రాయించాడు. ఆ మాట మానేస్తున్నానని చెబితే ఇంతెత్తు లేచాడు.

"ఏమప్పా, ముసలితనంలో మతి పోయినాదా? జనం వచ్చేది దానికే. పేరంట పేరు! ఎవరికి కావాల వాని పేరు?"

ఆసామికీ తలూపాను. అలా ఇద్దరికీ మాట ఇచ్చి ట్రాలీ ఎక్కాను. ఎండ అప్పటికే నెత్తి మీద సమ్మెటలా పడుతోంది. మొదటి జతలోనే ఒక కోడె గొలుసు కాళ్ళకు చుట్టుకుని పడిపోయింది. దాన్ని లేపడానికి తోక కొరికారు, చెవులు మెలిపెట్టారు. లేచినప్పుడు దాని ముక్కులోంచి నెత్తురు ధారగా కారుతోంది. జనం ఈలలు వేశారు. నేనూ ఏదో అన్నాను, నవ్వారు.

తర్వాత అతని జత వచ్చింది. గీత పక్కన, బండను సర్ది పెట్టే గడ్డపారలు పడేసిన చోట, పాప నిలబడి ఉంది. నేను మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాను. జనం నవ్వడానికి నోళ్ళు తెరుచుకుని సిద్ధంగా ఉన్నారు. నేను అతని పేరు చెప్పాను. వాళ్ళమ్మ పెట్టిన పేరు, ముందు "శ్రీ" తగిలించి మరీ చెప్పాను.

ఎవరూ అరవలేదు. ఎవరూ నవ్వలేదు. "ఎవరప్పా అది? కొత్తోడా?" అని ఎవరో అడగడం కూడా వినిపించింది. ఆసామి కింద నుంచి నా వైపు చెప్పు చూపించాడు.

అప్పుడు ఎదుటి పక్షం వాళ్ళలోంచి ఒకడు తాడు దాటి బరిలోకి వచ్చాడు. "వానికి పేరెందుకురా? కుంటోడురా, కుంటోడు!" అని అరుస్తూ, ఒక కాలు చచ్చినట్టు ఈడుస్తూ, నాలుక బయటపెట్టి, ఎద్దుల పక్కనే ఎగిరెగిరి నడిచాడు. జనానికి కావలసింది దొరికింది. అంతమంది ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వు నేను పెంచిందే. ఏళ్ళ తరబడి మేత వేసి పెంచాను. ఆ రోజు ఒక్క పూట మేత మానేస్తే, ఇంకొకడు తెచ్చి వేశాడు.

పాప వంగి గడ్డపార అందుకోవడం నాకు పైనుంచి కనబడింది.

ఇక్కడ నా అలవాటు ప్రకారమైతే ఇలా చెప్పాలి. నేను ట్రాలీ మీంచి చిరుతపులిలా దూకాను. గడ్డపార వాడి నడినెత్తి మీదికి దిగుతుంటే గాల్లోనే నా చెయ్యి అడ్డం పెట్టాను. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. "పాపా, వద్దు" అని నెమ్మదిగా అన్నాను.

అలా జరగలేదు. మొదటి దెబ్బ ఆమె వాడి మోకాలికి వేసింది, వాడు చచ్చినట్టు నటిస్తున్న ఆ కాలికే. గురి తప్పింది. గడ్డపార నేలలో దిగి, మట్టిపెళ్ళలు వాడి మొహాన పడ్డాయి. వాడు వెల్లకిలా పడి, ఆ కాలితోనే నేలను తన్నుకుంటూ వెనక్కి పాకాడు. ఆమె మళ్ళీ ఎత్తింది. ఈసారి తలకే. ఆ మొహం చూసి నేను భయపడిపోయాను. ట్రాలీ వెనక నుంచి దిగి పారిపోదామని తిరిగాను. మైకు వైరు కాలికి చుట్టుకుంది. పారిపోవాలనుకున్న వైపు కాక, ముందుకు, తలకిందులుగా, సరిగ్గా వాళ్ళిద్దరి మధ్య పడ్డాను.

ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. అది నా మోచేయి.

మైకు నా కుడిచేతిలోనే ఉంది. ఆపలేదు. నా అరుపు అన్ని బాక్సుల్లోంచీ ఒకేసారి బయటికొచ్చింది. నా జీవితంలో ఏ మాత్రం పెంచకుండా మైకులో చెప్పింది అదొక్కటే. దానికి ఎద్దులు బెదిరి, బండతో సహా పక్కకు తిరిగి, కుర్చీల మీదికి పోయాయి. షామియానా గుంజ విరిగింది. ఇదే అదనుగా రెండు పక్షాలవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. రాళ్ళు, కుర్చీ కాళ్ళు, చెర్నాకోలలు. ఒకడి చెవి సగం తెగి వేలాడటం చూశాను. నాటుబాంబులు కూడా పడ్డాయని ఆ బస్సు పంతులుకు చెప్పాను. పడలేదు. పేలింది సోడా సీసాలు.

ఆ దుమ్ములో అతను ఎద్దుల్ని వదిలేసి, మనుషుల కాళ్ళ మధ్య నుంచి ఇంచుమించు పాకుతూ కూతురి దగ్గరికి వచ్చాడు. గడ్డపార లాక్కుని విసిరేశాడు. ఆమె చెంప మీద ఎంత గట్టిగా కొట్టాడంటే, నా నొప్పిలోనూ నాకు వినిపించింది.

"పో! పరిగెత్తు! పరిగెత్తేదే గదా నేర్చుకున్నావ్, పరిగెత్తు!"

ఆమె ఒక్క క్షణం నా వైపు, నా చేతివైపు చూసింది. తర్వాత పరుగెత్తింది. ఆ పరుగు గాని సెలెక్షన్లో పరుగెత్తి ఉంటే మొదటి ర్యాంకు ఇచ్చేవాళ్ళు.

ఆసుపత్రిలో నాకు కట్టు కట్టారు. మోచేయి ఇక మునుపటిలా రాదని డాక్టరు చెప్పి పోయాడు. అంతలోనే పరామర్శలు మొదలయ్యాయి. ముందు మా ఆసామి ద్రాక్షపండ్లతో వచ్చాడు.

"వాళ్ళ మనిషి కొట్టినాడని చెప్పు. చంపేకి వచ్చినాడని రాయిద్దాం. మిగిలింది నేను సూసుకుంటా."

ఆయన పోగానే ఎదుటి పక్షం ఆసామి బ్రెడ్డుతో వచ్చాడు.

"పెద్దాయనా, ఆ పిల్ల కొట్టినాదని నువ్వు చెబితే సాలు. మావానికి గాయం తగల్లా. గాయం నీది, అందుకని నీ మాటే కావాల. పోలీసుకు పోతుందంట పోలీసుకు!"

ద్రాక్షా తిన్నాను, బ్రెడ్డూ తిన్నాను. ఏం చెప్పాలో తేల్చుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ పిల్ల మీద నాకు కోపంగానే ఉంది. వాణ్ణి కొట్టబోయి నన్ను కొట్టింది. నొప్పి ఎముకలోంచి పళ్ళలోకి పాకుతోంది. ఉద్యోగం పోతే పోనీ అని కూడా అనుకున్నాను.

అప్పుడు వార్డుబాయి ఇద్దరు మనుషుల్ని తీసుకుని వచ్చాడు, మంచాలు సర్దడానికి. "ఆ వంకరచెయ్యోని మంచం ఇట్ల గోడకు జరపండి," అన్నాడు. తిట్టలేదు. కోపం లేదు. గుర్తుగా అన్నాడు, అంతే. ఆ ఇద్దరిలో ఒకడు కిసుక్కున నవ్వాడు.

పక్కన స్టీలు గ్లాసు ఉంది. నా కుడిచెయ్యి దాన్ని ఎప్పుడు తీసుకుందో నాకు తెలీదు. అది వార్డుబాయి చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలి సొట్టపడింది. నీళ్ళు వాడి మొహమంతా. వాడు నిలబడిపోయాడు. "ఏమైంది తాతా? ఏమంటి నిన్ను?" అన్నాడు. నిజంగానే వాడికి తెలీదు.

ఇంకా ఏదైనా విసరడానికి చెయ్యి వెతుకుతోంది. పక్కన గ్లాసు కాబట్టి గ్లాసు. అక్కడ గడ్డపార ఉంటే? కట్టు తడి ఆరకముందే ఒక్కసారి పడ్డ మాటకు నేను ఇంత చేస్తే, పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల ఆ మాట వింటోంది. అందులో సగం బాక్సుల్లోంచి, నా గొంతుతో.

ఎస్సై వచ్చేసరికి గోడ మీద నీళ్ళు ఇంకా కారుతున్నాయి. రెండు పక్షాలవాళ్ళూ తలుపు దగ్గర నిలబడి వింటున్నారు.

"చెప్పు పెద్దాయనా, ఎవరు కొట్టినారు?"

"ఎవరూ కొట్టలా సార్. వైరు తగులుకుని పడినా."

"పడితే మోచెయ్యి ఇట్ల ముక్కలైతాదా?"

"ముసలి ఎముకలు సార్. అప్పడాలు."

"మైకులో అంత మాట్లాడేవాడివి, నా ముందర అప్పడాలంటావా? ఆ పిల్ల గడ్డపార ఎత్తిందంట గదా?"

"నేను తలకిందులుగా పడతాన్నా సార్. ఆకాశం కనపడింది. ఇంకేమీ కనపళ్ళా."

ఎస్సై తలుపు వైపు తిరిగి, ఆ ఎగతాళి చేసినవాణ్ణి లోపలికి పిలిచాడు. "నువ్వు చెప్పు. ఆ పిల్లకు నీ మీద అంత కోపం ఏంటికి? నువ్వేం చేస్తాంటివి ఆ పొద్దు? చేసి చూపీ."

వాడు కదల్లేదు. ఆ వార్డులో నాలుగు మంచాల మీద కాళ్ళు విరిగినవాళ్ళే పడుకుని ఉన్నారు. అందరూ వాడినే చూస్తున్నారు. వాడు కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. చివరికి కేసు లేకుండానే పోయింది. ఆసాములిద్దరూ నన్ను ఒకే రకంగా తిట్టుకుంటూ పోయారు. వాళ్ళిద్దరూ ఏకమవడం మా ఊళ్ళో అదే మొదటిసారి.

కొన్నాళ్ళకు పాప మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. చెంప మీద వాపు పోయింది గాని చూపులో పదును పోలేదు.

"పెద్నాయనా, నిన్ను కొట్టాలని కొట్టలా."

"తెలుసులే పాపా."

"కానీ నిన్నే కొట్టాలని అనుకున్న రోజులు శానా ఉండాయి."

నేను కట్టున్న చేతిని ఒళ్ళోకి లాక్కున్నాను.

"మానేస్తావా?" అంది.

"మానేస్తా."

"నాకు భయపడా?"

"మొదట భయపడే మానేసినా. ఇప్పుడు ఆస్పత్రిలో నాకూ ఒక పేరు పెట్నారు."

ఆమె నా చేతిని చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. లోపలికి వచ్చి, మా ఆవిడ తోమడానికి వేసిన గిన్నెలన్నీ తోమి పోయింది. ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఎక్కడ చేస్తోందో చెప్పను. ఇందులో పేర్లు లేనిది కూడా అందుకే. ఎవరైనా ఇది పట్టుకుని ఆరాలు తీస్తే, ఇదీ నా కోతల్లో ఒకటని మా మండలమంతా సాక్ష్యం చెబుతుంది.

ఆ తర్వాత నేను బరిలో ఎవర్నీ వాళ్ళ ఒంటితో పిలవలేదు. నవ్వులు తగ్గిన మాట నిజం. ముసలోడికి పస పోయిందన్నారు. కొన్ని ఊళ్ళవాళ్ళు వేరే మైకును పిలుచుకున్నారు. నా చేతికి పెట్టిన పేరు మాత్రం ఆసుపత్రి నుంచి నాకంటే ముందే ఊరు చేరింది. టీ అంగట్లో, బస్సులో, చివరికి మా వీధి పిల్లల నోట్లో కూడా అదే.

మొన్న మళ్ళీ పోటీ జరిగింది. అతని జత వచ్చింది. అతని పేరు చెప్పాను. జనంలో కొందరు చప్పట్లు కొట్టారు. సగం దూరం పోయాక నా గొంతు బాక్సులో సరిగ్గా రాలేదు. గుంపులోంచి ఒకడు అరిచాడు. "ఏయ్ వంకరచెయ్యీ, గట్టిగా చెప్పు!" అందరూ నవ్వారు. అప్పుడు అతను గడియారం నడుస్తుండగానే, నడిబరిలో ఎద్దుల్ని ఆపేశాడు. కాడి వదిలి, సన్నకాలు ఈడ్చుకుంటూ గుంపు దగ్గరికి వెళ్ళి, అరిచినవాడి ముందు నిలబడి చెప్పాడు. "ఆయప్పకు పేరుండాది." చేనంతా నిశ్శబ్దమైపోయింది.

లేదు. ఇది కూడా పెంచాను. ఎద్దుల్ని ఆపలేదు. వాటిని ఎప్పటిలాగే కొట్టుకుంటూ పోయాడు, రెండో స్థానం వచ్చింది. వాడు అరిచిందీ నిజమే, జనం నవ్విందీ నిజమే. నేను మైకులో ఏదో సర్దుకుని, ట్రాలీ మీద తల వంచుకున్నాను. అంతా అయిపోయాక అతను కాడి విప్పుతూ, నా వైపు చూడకుండా, ఎద్దు మెడ మీద పుండుకు పసుపు అద్దుతూ నా పేరు పెట్టి పిలిచాడు. పేరు చివర అన్నా అని చేర్చి, "దిగేటప్పుడు వైరు సూసుకో," అన్నాడు.

వైరు చూసుకుని దిగాను.